తెలుగు, ఫిలిప్పీన్స్ కలిసిన ఇళ్లలో పిల్లలకి ఆ దేశం గురించి చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆవిడది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో, నాది తెనాలి. పిల్లలిద్దరూ న్యూజెర్సీలోనే పుట్టారు. పెద్దమ్మాయికి 13, చిన్నవాడికి 8. మాలాంటి ఇళ్లు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. గల్ఫ్‌లో ఒకే ఆఫీసులో పనిచేసి పెళ్లి చేసుకున్నవాళ్లు, దావావోకి మెడిసిన్ చదవడానికి వెళ్లి అక్కడి అమ్మాయిని ఇష్టపడినవాళ్లు, ఇక్కడ హాస్పిటల్ డ్యూటీల్లో పరిచయమైనవాళ్లు. నాకు ఫోన్ చేసేవాళ్లందరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెట్టాను. పిల్లల వయసును బట్టి విడగొట్టాను, మీకు కావాల్సిన దగ్గర్నుంచి చదువుకోవచ్చు. మీ ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న ఫిలిప్పీన్స్ అయితే అటుది ఇటు మార్చుకోండి.

## మొదలుపెట్టే ముందు

నేను తెలుగువాణ్ని. ఆ దేశం గురించి నాకే ఏమీ తెలీదు, పిల్లలకి నేనేం చెప్తాను?

మీకు తెలిసినదాంతోనే మొదలుపెట్టొచ్చు. మనీలా వైపు మాట్లాడే టగాలోగ్ భాషలో టీచర్‌ని 'గురో' అంటారు. 'ముఖా' అంటే ముఖం, 'ముత్యా' అంటే ముత్యం, 'సాక్సీ' అంటే సాక్షి, 'ఆసా' అంటే ఆశ, 'దివాతా' అంటే దేవత. ఇవన్నీ సంస్కృతం నుంచి మలయ, జావా భాషల మీదుగా వెళ్లిన మాటలు. మామిడిని వాళ్లు 'మంగ్గా' అంటారు, అది తమిళం వైపు నుంచి వెళ్లింది. ఇలాంటివి పట్టుకోవడంలో మీ చెవి మీ ఆవిడ చెవికన్నా చురుగ్గా ఉంటుంది.

అయితే ఒక జాగ్రత్త. 'అంతా మన దగ్గర్నుంచే వెళ్లింది' అనే ధోరణిలోకి మాత్రం జారకండి. వాళ్లు సముద్రం మీద వ్యాపారం చేస్తూ తమకి నచ్చిన మాటలు తీసుకున్నారు, తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. అమ్మ దేశం నాన్న దేశానికి బ్రాంచి ఆఫీసు అని పిల్లలకి అనిపిస్తే, మీరు చెప్పిన మేలంతా అక్కడే పోతుంది.

ఏ భాష నేర్పాలి? టగాలోగ్ నేర్పాలా, మా అత్తగారు మాట్లాడే భాషా?

అత్తగారి భాషే. ఫిలిప్పీన్స్‌లో 7,641 దీవులున్నాయి, భాషలు నూటికి పైనే. 1937లో అధ్యక్షుడు మాన్యుయెల్ కెసోన్ టగాలోగ్‌ని జాతీయ భాషకి ఆధారంగా ప్రకటించారు. ఇప్పుడు 'ఫిలిపీనో' అని బళ్లలో నేర్పేది ఆ పునాది మీద కట్టినదే. కానీ సెబువానో, ఇలోకానో, హిలిగైనోన్, బికోల్, వరాయ్ ఇళ్లలో అమ్మమ్మలు మనవలతో మాట్లాడేది ఫిలిపీనో కాదు.

మేము మొదట్లో పొరపాటు చేశాం. దొరికిన పుస్తకాలన్నీ టగాలోగ్‌లోనే ఉండటంతో అదే మొదలుపెట్టాం. మా అమ్మాయి వీడియో కాల్‌లో కూర బాగుందని చెప్పడానికి 'మసరాప్' అంది. మా అత్తగారు నవ్వి, 'నమిత్' అని సరిదిద్దారు. అది ఇలోయిలో వైపు మాట్లాడే హిలిగైనోన్ భాషలో మాట. ఆ రోజు నుంచి ఇంట్లో హిలిగైనోన్, పుస్తకాల్లో ఫిలిపీనో అని పెట్టుకున్నాం. తెలంగాణ పల్లెలో పెరిగిన నాయనమ్మకి మనవడు న్యూస్ రీడర్ తెలుగులో జవాబిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇదీ అంతే.

మా ఆవిడే పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. నేనెంత చెప్పినా మారట్లేదు. ఎందుకు?

ఆ అలవాటు వెనక వంద సంవత్సరాల కథ ఉంది. 1901లో, అమెరికా పాలన మొదలైన కొత్తలో, థామస్ అనే ఓడలో వందల మంది అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు, బడిలో ఇంగ్లీషు చదువు గట్టిగా వేళ్లూనుకుంది. బాగా చదువుకున్నవాళ్లంటే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు అనే లెక్క అప్పట్నుంచీ ఉంది. మా ఆవిడ చదివిన బడిలో ఊరి భాష మాట్లాడితే ఒక్కో మాటకి ఒక పీసో జరిమానా. మన దగ్గర తెలుగు మాట్లాడితే బెంచీ ఎక్కించిన కాన్వెంట్లలో చదివినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి 'నీ భాష నువ్వే నేర్పట్లేదు' అని దెప్పితే పని జరగదు. మేము చేసింది ఒక్కటే. రాత్రి పడుకునే ముందు పావుగంట ఇంగ్లీషు బంద్ అన్నాం. మొదటి నెల తను కూడా మాటల కోసం వెతుక్కుంది. తర్వాత జోలపాటలు, అల్లరి మాటలు, తిట్లతో సహా అన్నీ వాటంతట అవే బయటికొచ్చాయి.

మా ఆవిడకి చిన్నప్పటి సంగతులు చెప్పడం ఇష్టం లేదు. బలవంతం చేయాలా?

వద్దు. పేదరికం, ఇంటి గొడవలు, తుపాన్లో పోగొట్టుకున్నవి ఏమైనా ఉండొచ్చు. తను చెప్పేదాకా దేశం కథలు, పాటలు, వంటలు మీరే మొదలుపెట్టండి. మీరు తప్పు చెప్తుంటే సరిదిద్దడానికైనా ఒకరోజు తను నోరు విప్పుతుంది. మా ఇంట్లో అలాగే జరిగింది.

## బడికి వెళ్లకముందు

మూడేళ్ల పిల్లకి చరిత్రేమిటి? కాస్త పెద్దయ్యాక చెప్పొచ్చు కదా?

రాజులు, యుద్ధాలు పెద్దయ్యాకే. ఈ వయసులో కావాల్సింది పిలుపులు. లోలా అంటే అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ. లోలో అంటే తాత. బూన్సో అంటే ఇంట్లో ఆఖరివాడు. టగాలోగ్ ఇళ్లలో అన్నని కూయా, అక్కని ఆతే అంటారు. ఇలోయిలో వైపు మానోంగ్, మానాంగ్ అంటారు. పెద్దవాళ్లని ఒట్టి పేరుతో పిలవకపోవడం మనకీ వాళ్లకీ ఒకటే. అందుకే తెలుగు ఇంట్లో ఇది పిల్లలకి చాలా తేలిగ్గా ఎక్కుతుంది.

ఎవర్ని ఏమని పిలవాలో తెలిసిన పిల్లకి ఎవరి పక్కన ఎవరు నిలబడతారో తెలుస్తుంది. రేపు మీరు చెప్పబోయే చరిత్రంతా ఆ మనుషుల చుట్టూ అల్లుకోవాల్సిందే.

'పో' అనడం నేర్పాలా? మా ఆవిడ వాళ్లింట్లో ఎవరూ అన్నట్టు వినలేదు.

'పో' అంటే దాదాపు మన 'అండీ'. అవును అంటే 'ఓఓ', అవునండీ అంటే 'ఓపో'. ఇది టగాలోగ్ ప్రాంతపు మర్యాద. ఇలోయిలో, సెబూ వైపు మాట్లాడే విసాయన్ భాషల్లో ఆ ముక్క లేదు, అక్కడ గౌరవం గొంతులో, పిలుపులో ఉంటుంది. మనీలా వైపు బంధువులు మీ పిల్లలు 'పో' అనలేదని నొచ్చుకుంటే సంగతి ఇదీ అని చెప్పండి. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకునే 'మానో' మాత్రం దేశంలో చాలాచోట్ల ఉంది. మా పిల్లలు ఇటు వస్తే కాళ్లకి దణ్ణం పెడతారు, అటు వెళ్తే చెయ్యి అందుకుంటారు. ఏది ఎక్కడో మూడేళ్లకే తెలిసిపోయింది.

ఇంట్లో మూడు భాషలైతే పిల్ల తికమకపడి మాటలు ఆలస్యంగా వస్తాయా?

పిల్లలు ఎవరితో ఏ భాషో వాళ్లే విడదీసుకుంటారు. కొన్నాళ్లు మాటలు కలిపేస్తారు, అది తప్పు కాదు. మాటలు నిజంగా ఆలస్యమవుతున్నాయని అనిపిస్తే డాక్టరుకి చూపించండి, అంతేగానీ భాష మానేయడం దానికి మందు కాదు.

చిన్నపిల్లలకి మొదట ఏ పాట నేర్పాలి?

'బహాయ్ కుబో' అనే జానపద పాట. తాటాకులాంటి నీపా ఆకు, వెదురుతో వేసిన చిన్న గుడిసె చుట్టూ పెరిగే కూరగాయల పేర్లన్నీ అందులో వరుసగా వస్తాయి. వంకాయ, వేరుశనగ, చిక్కుడు, బూడిద గుమ్మడి, సొరకాయ, ముల్లంగి, అల్లం, చివరికి నువ్వులు కూడా. మా అబ్బాయి ఇండియన్ స్టోర్‌లో బండి తోస్తూ ఆ పాట పాడుకుంటూ ఒక్కో కూర దగ్గర ఆగేవాడు. సగం పాట మా తెనాలి రైతుబజారులోనే దొరుకుతుంది.

## ఆరు నుంచి పదేళ్లు

అడోబో, లంపియా, పన్సిత్ అన్నీ తింటున్నారు, క్రిస్మస్‌కి పరోల్ లాంతరు కడుతున్నాం. అది చాలదా?

మొదలుపెట్టడానికి మంచిదే, కానీ అక్కడే ఆగిపోతే పిల్లలకి ఆ దేశం ఒక హోటల్ మెనూలాగా మిగులుతుంది. ప్లేటులో ఉన్నదాని వెనక కథ చెప్పండి. 1565 నుంచి 1815 దాకా, 250 ఏళ్లు, మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య స్పానిష్ గాలియన్ ఓడలు తిరిగాయి. ఇటు నుంచి చైనా పట్టు, ఇండియా నూలుబట్టలు వెళ్లాయి. అటు నుంచి వెండి వచ్చింది, దాంతోపాటు టమాటా, మొక్కజొన్న, జామ, అనాస లాంటివి వచ్చాయి. మన మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచే బయల్దేరింది. మనకి పోర్చుగీసుల ఓడల్లో, వాళ్లకి స్పానిష్ ఓడల్లో చేరింది. గ్లోబు మీద వేలు పెట్టి రెండు దారులూ గీయమంటే ఎనిమిదేళ్లవాడు గంట కూర్చుంటాడు.

ఇంకో పని. చింతపండు పులుపుతో చేసే సినిగాంగ్, మునగాకు వేసి చేసే కోడి టినోలా పిల్లలతోనే వండించండి. మునగాకుని వాళ్లు మలుంగ్గాయ్ అంటారు. రెమ్మ నుంచి ఆకు దూసే పద్ధతి మా అమ్మదీ మా అత్తగారిదీ ఒకటే, బొటనవేలు కిందికి, ఒక్క లాగు.

చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? దొరికిన పుస్తకాలన్నీ మెజెల్లన్ దగ్గరే మొదలవుతున్నాయి.

ఒక రాగిరేకు దగ్గర మొదలుపెట్టండి. 1989లో లగూనా ప్రాంతంలో నదిలో ఇసుక తీస్తుంటే నల్లబడ్డ ఒక సన్నటి రేకు దొరికింది. దాని మీద పది వరుసల రాత ఉంది. కావి అనే పాత జావా లిపి, పాత మలయ భాష, మధ్యలో బోలెడు సంస్కృతం మాటలు. ఆంతూన్ పోస్ట్మా అనే డచ్ పండితుడు దాన్ని చదివాడు. నమ్వరన్ అనే ఆయన బంగారం బాకీ తీరిపోయిందని, ఆయన పిల్లలూ ఇక రుణవిముక్తులని రాసిచ్చిన కాగితంలాంటిది అది. అందులో ఇప్పటి మనీలాలోని టోండో పేరు కూడా ఉంది.

దాని మొదటి వరుసని మా నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. 'స్వస్తి శక వర్షాతీత 822, వైశాఖ మాస', ఆ తర్వాత 'చతుర్థి కృష్ణపక్ష సోమవార'. మా నాన్న 'ఇదేదో సంకల్పంలా ఉందే, ఏ గుళ్లో శాసనం?' అన్నారు. శకం 822 అంటే క్రీ.శ. 900. మన పంచాంగంలో ఉన్న అదే శాలివాహన శకం. మెజెల్లన్ ఓడ ఆ దీవులు చూడటానికి 621 ఏళ్ల ముందే అక్కడివాళ్లకి తిథి, వారం, బాకీపత్రం, సాక్షులు ఉన్నాయి. పిల్లలకి ఈ ఒక్క ముక్క ముందు ఇస్తే, తర్వాత వచ్చే 'కనిపెట్టాడు' అన్న మాటని వాళ్లే ప్రశ్నిస్తారు.

మెజెల్లన్, లాపులాపు కథ ఎలా చెప్పాలి?

1521 మార్చిలో స్పెయిన్ తరఫున మెజెల్లన్ ఓడలు వచ్చాయి. సెబూ రాజు హుమాబోన్ స్నేహం చేశాడు. పక్కనున్న మక్తాన్ దీవి నాయకుడు లాపులాపు లొంగనన్నాడు. ఏప్రిల్ 27న జరిగిన పోరులో మెజెల్లన్ చనిపోయాడు. ఆటుపోట్లు తక్కువగా ఉన్న వేళ, ఓడలు ఒడ్డు దాకా రాలేక, ఇనుప కవచాలతో నీళ్లలో నడిచి వచ్చారు వాళ్లు. పిల్లలు ఆ దృశ్యాన్ని మర్చిపోరు.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పండి. ఇదంతా మనకి ఎక్కువగా తెలిసింది ఓడలో వచ్చిన పిగఫెట్టా అనే ఇటలీ మనిషి రాసుకున్నదాన్ని బట్టి. లాపులాపు ముఖం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు, విగ్రహాలన్నీ శిల్పుల ఊహే. అప్పటికి 'ఫిలిప్పీన్స్' అనే దేశమూ లేదు. స్పెయిన్ యువరాజు ఫిలిప్ పేరు మీద ఆ మాట పుట్టింది 1543 ప్రాంతంలో.

పిల్లాడు 'మనకి ఇండియాతో చుట్టరికం ఉందా?' అని అడుగుతున్నాడు.

రెండు కథలున్నాయి. మిండనావో దీవిలో లనావో సరస్సు చుట్టూ ఉండే మరానావో ముస్లింలు తరతరాలుగా చెప్పుకునే ఒక కథ పేరు 'మహారాడియా లావన'. లావన అంటే రావణుడే. సీతాపహరణం, కోతుల సాయం అన్నీ ఉన్నాయి, పేర్లు మాత్రం వాళ్లవి. హువాన్ ఫ్రాన్సిస్కో అనే ఫిలిప్పీన్స్ పండితుడు 1960ల చివర్లో దాన్ని సేకరించాడు.

రెండోది మద్రాసు కథ. 1762లో బ్రిటిష్ సైన్యం, ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మద్రాసు నుంచి ఓడలెక్కి మనీలాని పట్టుకున్నారు. 1764లో వెళ్లిపోయేటప్పుడు కొందరు సిపాయిలు తిరిగి రాకుండా మనీలా పక్కనే కాయింటా అనే ఊళ్లో స్థిరపడి అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. మా అబ్బాయి ఇది విని 'అంటే మనకన్నా ముందే మనలాంటి ఇల్లు ఉందన్నమాట' అన్నాడు.

స్పెయిన్ రాకముందు నుంచీ ఉన్న బైబాయిన్ లిపి నేర్పడం కష్టమా?

తెలుగు గుణింతం వచ్చిన పిల్లలకి ఒక మధ్యాహ్నం పని. మొత్తం 17 అక్షరాలు, అచ్చులు 3, హల్లులు 14. హల్లులో 'అ' కలిసే ఉంటుంది, మన తలకట్టులాగా. అక్షరం మీద చుక్క పెడితే 'కి' లేదా 'కె', కింద పెడితే 'కు' లేదా 'కొ'. ఆ చుక్కని కుద్లిత్ అంటారు. పాతరోజుల్లో పొల్లు లేదు, అందుకని కొండని 'బుందోక్' అనాలంటే 'బుదొ' అని రాసి మిగతాది చదివేవాళ్లే ఊహించుకునేవాళ్లు. పొల్లు కోసం శిలువ గుర్తు పెట్టింది 1620లో ఒక స్పానిష్ ఫాదరీ.

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒకే పేరు మూడు లిపుల్లో ఉంటుంది. ఈ రాత చచ్చిపోయిందని మాత్రం చెప్పకండి. మిండోరో దీవిలో హనునువో మంగ్యన్‌లు దీనికి అక్కచెల్లెలు లాంటి లిపిలో ఇప్పటికీ వెదురు మీద కత్తిమొనతో పద్యాలు చెక్కుతారు.

ఆ దేశపు జాతీయ వీరుడు హోసె రిజాల్ అంటే పిల్లలకి బోర్ కొట్టకుండా ఎలా?

విగ్రహం దగ్గర కాకుండా వాళ్లమ్మ కళ్ల దగ్గర మొదలుపెట్టండి. తల్లికి చూపు తగ్గుతోందని ఆయన కంటి డాక్టరయ్యాడు, హాంకాంగ్‌లో తనే ఆమెకి ఆపరేషన్ చేశాడు. స్పానిష్ ప్రభుత్వం 1892లో దపితాన్ అనే మారుమూల ఊరికి పంపేస్తే, నాలుగేళ్లు అక్కడ ఊరికి మంచినీళ్లు తెప్పించాడు, మగపిల్లలకి బడి పెట్టాడు, రోగులకి వైద్యం చేశాడు. 1896 డిసెంబరు 30న 35 ఏళ్ల వయసులో కాల్చి చంపారు. ముందురోజు రాసిన ఆఖరి పద్యం ఒక చిన్న స్పిరిట్ స్టవ్‌లో దాచి చెల్లెలికిచ్చాడు. కాపలావాళ్లకి అర్థం కాకూడదని 'లోపల ఏదో ఉంది' అని ఇంగ్లీషులో చెప్పాడంటారు. ఆయన రాసిన నవలల సంగతి హైస్కూలుకి వచ్చాక చూసుకోవచ్చు.

మా తెలుగు బంధువులే పిల్లల్ని 'చైనా పిల్లలు' అంటున్నారు. ఏం చేయాలి?

ఆపాలి. మీరే ఆపాలి, అక్కడికక్కడే, పిల్లల ముందే. ఒక పెళ్లిలో మా అమ్మాయి ముక్కు గురించి ఒక పెద్దావిడ అన్న మాట విని నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి అది అద్దం ముందు ముక్కు నొక్కుకుంటూ నిలబడింది. నేను ఊరుకున్నందుకు ఇవాళ్టికీ బాధపడతాను. అటువైపూ తక్కువేం లేదు, అక్కడ రంగు గురించి వ్యాఖ్యలు వస్తాయి. రెండు దేశాల్లోనూ తెల్లబడే క్రీముల వ్యాపారం జోరుగానే ఉంది.

పిల్లలకి ఒక సూటి జవాబు ఇవ్వండి: 'మా అమ్మది ఫిలిప్పీన్స్, మా నాన్నది ఆంధ్ర, నేను రెండూ.' సంజాయిషీలా కాకుండా మామూలు గొంతుతో అనడం ఇంట్లోనే అలవాటు చేయించండి.

## టీనేజ్

అమెరికాలో పెరుగుతున్న పిల్లకి, అమెరికాయే ఫిలిప్పీన్స్‌ని ఆక్రమించిందని ఎలా చెప్పాలి?

తేదీలతో, తిన్నగా. 1898 జూన్ 12న తిరుగుబాటు నాయకుడు ఎమిలియో అగినాల్డో కవిత్ ఊళ్లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించాడు. అదే డిసెంబరులో పారిస్ ఒప్పందంలో స్పెయిన్ ఆ దీవుల్ని 2 కోట్ల డాలర్లకి అమెరికాకి ఇచ్చేసింది. ఒప్పందం దగ్గర ఫిలిప్పీన్స్ మనిషిని కూర్చోనివ్వలేదు. 1899 ఫిబ్రవరి 4న యుద్ధం మొదలైంది, 1902లో ముగిసిందని అమెరికా ప్రకటించింది. హింస, కరువు, రోగాలతో 2 లక్షల దాకా మామూలు జనం పోయారు. 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో ఇగొరోట్ అనే కొండజాతి వాళ్లని తీసుకొచ్చి జనానికి చూపించారు.

మా అమ్మాయి ఇది విని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు 'మరి మనం ఇక్కడెందుకున్నాం?' అంది. న్యాయమైన ప్రశ్నే. మేము సర్దిచెప్పలేదు. అప్పట్లో ఆ యుద్ధం తప్పని గొంతెత్తిన అమెరికన్లూ ఉన్నారని, 1901లో బలంగీగా అనే ఊరి చర్చి నుంచి అమెరికా సైన్యం పట్టుకుపోయిన మూడు కంచు గంటలు 2018 డిసెంబరులో తిరిగి ఆ ఊరికి చేరాయని చెప్పాం. మీ ఆవిడ ఊరి నుంచి ఎవరు పోరాడారో కూడా వెతకండి. ఇలోయిలో వైపు పొతొతాన్‌కి చెందిన టెరెసా మగ్బానువా అనే టీచరమ్మ ముందు స్పెయిన్ మీద, తర్వాత అమెరికా మీద గుర్రమెక్కి దళాన్ని నడిపించింది.

అమ్మ ఇక్కడికి ఎందుకొచ్చిందో అడిగితే ఏం చెప్పాలి? నర్సు ఉద్యోగానికి అంటే సరిపోతుందా?

అందులో పెద్ద చరిత్రే ఉంది. అమెరికా పాలనలో నర్సింగ్ బళ్లు అమెరికా పద్ధతిలో, ఇంగ్లీషులో పెట్టారు. 1906లో ఇలోయిలో మిషన్ హాస్పిటల్‌లో మొదలైన బడి ఆ దేశంలోనే మొదటిది. 1948 నుంచి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం కింద నర్సులు అమెరికా రావడం మొదలుపెట్టారు, 1965 వలస చట్టంతో ఆ దారి వెడల్పయింది. వీసా మీద వచ్చిన తెలుగు ఇంజనీర్లకి తలుపు తీసింది కూడా ఆ 1965 చట్టమే.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకో తేదీ ఉంది, మా ఇంట్లో దాన్ని చాలాసార్లు తలుచుకుంటాం. 1946 జులై 2న ఒకే చట్టం ఇండియావాళ్లకీ ఫిలిప్పీన్స్‌వాళ్లకీ అమెరికా పౌరులయ్యే హక్కు ఇచ్చింది. ఒక్కో దేశానికి ఏడాదికి 100 మంది చొప్పున వలస కోటా. ఆ చట్టం పేరు లూస్ సెల్లర్. నాన్న వైపు, అమ్మ వైపు రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయని మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ దాని మీదే చేసింది.

స్కూల్లో అమెరికా రైతుకూలీల నాయకుడు సీజర్ చావెజ్ గురించి చెప్పారు. ఫిలిప్పీన్స్‌వాళ్లు కనిపించలేదేం?

1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల సమ్మె మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ కూలీలే, లారీ ఇట్లియోంగ్ నాయకత్వంలో. ఇంచుమించు వారం తర్వాత చావెజ్ సంఘం వాళ్లతో కలిసింది. ఈ సంగతి మీ అమ్మాయినే క్లాసులో చెప్పమనండి.

మా అత్తగారివాళ్లు మార్కోస్ మంచివాడంటారు. పిల్లలకి మార్షల్ లా గురించి చెప్తే ఇంట్లో గొడవ అవుతుందేమో అని టెన్షన్.

గొడవ అవుతుందని దాచకండి. 1972 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ మార్షల్ లా పెట్టాడు, 1981 జనవరి దాకా నడిచింది. పత్రికలు మూసేశారు, వేలమందిని జైల్లో వేశారు, హింసించారు. 1983లో ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అకీనోని ఎయిర్‌పోర్టులోనే కాల్చి చంపారు. 1986 ఫిబ్రవరిలో నాలుగు రోజులు మనీలాలోని ఎడ్సా రోడ్డు మీద జనం నిండిపోయి మార్కోస్‌ని దింపేశారు. 2013లో ఆ దేశమే చట్టం చేసి, బాధితులుగా తేల్చిన 11,103 మందికి పరిహారం ఇచ్చింది. ఇది ప్రభుత్వ లెక్క, ఎవరి అభిప్రాయమూ కాదు. 2022లో మార్కోస్ కొడుకు అధ్యక్షుడిగా గెలిచాడన్నదీ అంతే నిజం.

తాతగారితో వాదించడం పిల్లల పని కాదు. 'ఆ రోజుల్లో మీరు ఎక్కడున్నారు, ఏం చూశారు?' అని అడగమనండి. రోడ్లు వేశారు, రాత్రి కర్ఫ్యూ ఉండేది, పక్కింటి కుర్రాడు కనపడకుండా పోయాడు, ఇవన్నీ ఒకే నోటి నుంచి రావచ్చు.

మిండనావో ముస్లింల గురించి మా ఆవిడ వైపువాళ్లు భయంగా మాట్లాడతారు. పిల్లలకి ఏం చెప్పాలి?

స్పెయిన్ కన్నా ముందే ఇస్లాం అక్కడ ఉందని చెప్పండి. సులు, మగిందనావో సుల్తానులు మూడు వందల ఏళ్లు స్పెయిన్‌కి పూర్తిగా లొంగలేదు. ఆ తర్వాత భూముల గొడవలు, దశాబ్దాల యుద్ధం, చివరికి 2019లో బంగ్సమోరో స్వపరిపాలన ప్రాంతం వచ్చాయి. భయాన్ని పిల్లలకి వారసత్వంగా ఇవ్వక్కర్లేదు.

## ఊరికి వెళ్లినప్పుడు, వచ్చాక

రెండు వారాల సెలవు. బొరకాయ్ బీచ్, మనీలా మాల్స్ కాక ఎక్కడికి తీసుకెళ్లాలి?

ముందు లోలా ఊరు. సంత, చర్చి, శ్మశానం, అమ్మ చదివిన బడి, ఈ నాలుగూ నడిచి చూడండి. మనీలాలో ఇంట్రామురోస్ కోట, అందులో రిజాల్‌ని ఉంచిన ఫోర్ట్ శాంటియాగో, నేషనల్ మ్యూజియంలో ఆ రాగిరేకు. మ్యూజియం టికెట్ లేదు. ఇలోయిలో వైపు వెళ్తే మియాగావ్ చర్చి తప్పక చూడండి. 1797లో పూర్తయింది, ముందుగోడ మీద కొబ్బరి, బొప్పాయి, జామ చెట్లు చెక్కి ఉంటాయి. స్పానిష్ ఫాదరీలు కట్టించిన గోడ మీద ఊరి శిల్పులు తమ పెరడు చెక్కుకున్నారు. ఆ గోడ ముందు పిల్లల్ని పదినిమిషాలు ఊరికే నిలబడనివ్వండి.

అక్కడి చుట్టాలకి సామాన్లు పంపే బాలిక్‌బయాన్ బాక్స్ మేమే సర్దేస్తాం. పిల్లల్ని కూర్చోబెట్టాలా?

కూర్చోబెట్టండి. ఎవరికి ఏది అని పేరు రాసే పని పిల్లలకివ్వండి. ఇరవై మంది పేర్లు, వరసలు, ఎవరికి ఏ సైజు చెప్పులు, ఎవరికి షుగర్ ఉందో కూడా ఆ ఒక్క పెట్టెతో వచ్చేస్తాయి.

పిల్లలకి ఫిలిప్పీన్స్ పౌరసత్వం కూడా ఉంటుందా?

బిడ్డ పుట్టేనాటికి అమ్మగానీ నాన్నగానీ ఫిలిప్పీన్స్ పౌరులైతే, ఎక్కడ పుట్టినా బిడ్డ కూడా పౌరుడే. జననాన్ని వాళ్ల కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. అప్పటికే అమ్మ వేరే పౌరసత్వం తీసుకుని ఉంటే, 2003లో వచ్చిన చట్టం కింద ఆమె తిరిగి తీసుకుంటే 18 ఏళ్ల లోపు పిల్లలకీ వర్తిస్తుంది. పిల్లలవి ఇండియన్ పాస్‌పోర్టులైతే మాత్రం ముందు మన కాన్సులేట్‌లో కనుక్కోండి, ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు.

తిరిగొచ్చిన రెండు నెలలకే అన్నీ మర్చిపోతున్నారు. ఎలా?

లోలాతో ఏదో ఒక పని మధ్యలో ఉండేలా చూడండి. 'ఎలా ఉన్నావు, తిన్నావా' కాల్స్ మూడో నిమిషానికి అయిపోతాయి. మా అబ్బాయి ఇక్కడ కుండీలో మునగ పెట్టాడు. చలికాలం లోపలికి, ఎండాకాలం బాల్కనీలోకి. ప్రతి ఆదివారం ఫోన్ కెమెరా మొక్క దగ్గర పెట్టి మా అత్తగారికి చూపిస్తాడు, ఆవిడ అక్కడి నుంచి ఆకు రంగు చూసి నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్తారు. మొన్న ఆదివారం పక్క కొమ్మలు రావాలంటే చివర తుంచేయమన్నారు. వాడికి మనసొప్పలేదు. ఇంకో వారం ఆగుదామని బతిమాలాడు, హిలిగైనోన్‌లో.